తమ్ముడి చిరునామా

మా తమ్ముడు పోయిన తర్వాత కొన్ని నెలల పాటు నేను ప్రశాంతంగా కూర్చోగలిగిన చోటు మా వార్డు ఆఫీసు. ఇంట్లో ఉంటే పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకూ జరిగింది మొదటి నుంచి చెప్పాలి. ఆఫీసులో చేతిలో టోకెన్ ఉంటే చాలు, ఊరికే కూర్చోవచ్చు. ఎవరూ ఓదార్చరు. నేనిది వెటకారంగా రాయడం లేదు. ఆ రోజుల్లో నాకు మేలు చేసిన చోట్లు లెక్కపెడితే ఆ ఆఫీసు తప్పకుండా వస్తుంది. ఆ మేలు గురించే ఇక్కడ రాస్తున్నాను.

మాది ఉత్తర తెలంగాణ నుంచి సూరత్ వచ్చిన నేత కుటుంబం. మా నాయన సాంచాలు నడపడానికి వచ్చాడు. మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. మేమిద్దరం అన్నదమ్ములం ఇక్కడే పుట్టాం. నాకు చదువు అబ్బింది, నగరపాలిక నడిపే తెలుగు బడిలో పంతులునయ్యాను. వాడికి పని అబ్బింది. కొన్నాళ్లు సూరత్ పక్కనున్న పల్సానాలో ఒక మిల్లుకు పోయి వచ్చాడు, తర్వాత మా బస్తీకి దగ్గరి కార్ఖానాలోనే ఉండిపోయాడు. సాంచాల చప్పుడులో బతికినవాళ్లందరిలాగే వాడూ గట్టిగా మాట్లాడేవాడు. రహస్యం చెప్పినా పక్కింటికి వినిపించేది. ఇప్పుడు మా గల్లీ నిశ్శబ్దంగా ఉందని నేననను. అక్కడ చప్పుడుకు లోటు లేదు. వాడి గొంతు ఒక్కటే లేదు.

పగటి పాళీలో, అంటే షిఫ్టులో, సాంచాల మధ్యే పడిపోయాడు. ఆ కార్ఖానాలోనే పని చేసే మా బాబాయి, మేము కాక అంటాం, రిక్షాలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. నేను బడి నుంచి వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఆసుపత్రివాళ్లు అడిగినవాటన్నిటికీ కాకే జవాబు చెప్పాడు. పేరు, వయసు, తండ్రి పేరు, చిరునామా. ఆ పూట నన్నడిగితే వాడి వయసు కూడా చెప్పలేకపోయేవాణ్ణి. ఆ పని నా మీద పడకుండా చేసినందుకు కాకకు నేనెప్పుడూ రుణపడి ఉంటాను.

పదకొండో రోజు అయ్యాక దాఖలా కోసం తిరగాల్సి వచ్చింది. మరణ ధ్రువీకరణ పత్రాన్ని సూరత్‌లో అందరూ దాఖలా అనే అంటారు. అది నా మరదలికి కావాలి. వాళ్లుండే ఇల్లు, కింద ఒక గది, పైన ఒక గది, తమ్ముడి పేరు మీద ఉంది. ఆ ఇంటి వేరా బిల్లు, అంటే పన్ను బిల్లు, తన పేరుకు మారాలని ఆమె పట్టుబట్టింది. పట్టుపట్టడానికి కారణం ఉంది. కర్మల దగ్గర పెద్దలు కూర్చుని, ఈ ఇల్లు అమ్మేసి తల్లీబిడ్డలు ఊరికి వెళ్లిపోవడం మంచిదని మాట్లాడుకున్నారు. అందరికన్నా గట్టిగా మాట్లాడింది కాకే.

“మొగడు లేని ఆడిమనిషి, ఎదిగిన ఆడపిల్ల. గీ పరాయి ఊర్ల ఏం చేస్తరు? ఊరికి పోతే నలుగురు మనోళ్లుంటరు,” అన్నాడు.

కూతురు పదకొండో తరగతి చదువుతోంది. గోడవారన కూర్చున్న ఆ పిల్ల తల ఎత్తింది. “తాతా, నాకు ఊర్ల బస్ స్టాండ్ నుంచి ఇంటికి రస్తా కూడా తెల్వదు. పరాయి ఊరు అంటే గదే గదా?”

“నోరు మూసుకోయే,” అంది మరదలు. కానీ ఆ మాట కూతురి వీపు నిమురుతూ అంది.

ఆ రాత్రి నన్ను పక్కకు పిలిచి, “బావా, నేను గీడనే ఉంట. పిల్ల చదువు అయిపోవాలె. ఇల్లు నా పేరు మీదికి వస్తే ఎవ్వలు ఏమనలేరు. జర నువ్వు నాతోని ఆఫీసుకు రా,” అంది.  ఆమె ఏం కోరుతోందో నాకు స్పష్టంగా తెలిసింది. ఇల్లు పేరు మారకపోతే పెద్దల మాట నెగ్గుతుంది.

ఆఫీసు అంటే నాకు చిన్నప్పటి జ్ఞాపకం ఒకటుంది. తమ్ముణ్ణి బడిలో వేయడానికి జనన పత్రం కావాలంటే నాయన నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. కిటికీ నడుము ఎత్తులో ఉండేది. లోపలి మనిషి కుర్చీలో కూర్చుని ఉంటాడు, బయటి మనిషి వంగి ఆ కన్నంలోకి మాట్లాడాలి. మా నాయన పొడుగు. వంగి, మెడ పక్కకు తిప్పి, రాని గుజరాతీలో మాట్లాడుతున్న నాయన నాకు ఎవరో వేరే మనిషిలా కనిపించాడు. సాహెబు లేడు అన్నారు. మళ్లీ వెళ్తే మళ్లీ లేడు. గేటు బయట గొడుగు కింద కూర్చునే ఒకాయన ద్వారా పోతే సాహెబు ఉన్నాడు. అప్పట్లో ఏ ఊళ్లో ఏ ఆఫీసైనా దాదాపు అంతే. ఎవరినీ తప్పుపట్టాలని దీన్ని గుర్తుచేసుకోవడం లేదు. మరదలితో మెట్లెక్కుతుంటే నా మెడ దానంతటదే వంగడానికి సిద్ధమైందని చెప్పడానికి రాస్తున్నాను.

వంగాల్సిన అవసరం పడలేదు. కౌంటరు బల్ల ఎత్తులో ఉంది. ఇవతల రెండు కుర్చీలు వేశారు. గోడ మీద పెద్ద అక్షరాలతో పౌరసేవ గురించి ఏవో నినాదాలున్నాయి. అలాంటి మాటలను నేను పెద్దగా నమ్మను. ఎవరు రాసినా ఒకేలా ఉంటాయి. కానీ కుర్చీలు మాత్రం నిజంగా వేశారు. దుఃఖంలో ఉన్న మనిషికి కాళ్లలో బలం ఉండదని ఎవరో ఆలోచించి ఉంటారు. ఎవరో నాకు తెలియదు. వాళ్లకు నా నమస్కారం.

కౌంటరులో నడివయసు గుజరాతీ ఆవిడ. అందరూ బెన్, అంటే అక్కా, అని పిలుస్తున్నారు. ఆసుపత్రి నుంచి వచ్చిన వివరాలు ఆమె తెర మీద తెరిచి, ప్రింటు నొక్కే ముందు, “చదువుతాను, వినండి. తప్పుంటే ఇప్పుడే చెప్పండి. అచ్చయ్యాక మీకూ కష్టం, నాకూ కష్టం,” అంది హిందీలో. ప్రతి దాఖలా అట్లా చదివి వినిపించాకే ఇస్తుందని తర్వాత తెలిసింది. పైనుంచి వచ్చిన ఆదేశమా, ఆమె సొంత పద్ధతా అని అడిగాను. “మొదట నాది, ఇప్పుడు అందరిదీ,” అని నవ్వింది.

చదివింది. తమ్ముడి పేరు, మా నాయన పేరు. పరాయి గొంతులో, మెల్లగా, ఉచ్చారణ కొంచెం తేడాగా. మరణించిన తేదీ. నాకు ఆ తర్వాత మాటలు చెవిన పడ్డాయి గాని లోపలికి పోలేదు. మరదలు నా మోచేయి తట్టింది.

“బావా, ఆమె మన ఊరు పేరెందుకు చదువుతాంది?”

మళ్లీ చదవమన్నాం. చనిపోయేనాటి చిరునామా దగ్గర తెలంగాణలోని మా ఊరు. శాశ్వత చిరునామా దగ్గరా అదే. సూరత్‌లో పుట్టి, సూరత్‌లో పని చేసి, సూరత్‌లో పోయిన మనిషికి ఆ కాగితంలో సూరత్‌లో ఇల్లు లేదు. ఆసుపత్రి ఒక్కటే ఉంది.

బెన్ తెరను మా వైపు తిప్పింది. ఇట్లాగే అచ్చేసి ఇస్తే, ఇంటి పన్ను కౌంటరువాళ్లు ఆ ఇంటి యజమానీ ఈ చనిపోయిన మనిషీ ఒకరే అని ఎట్లా నమ్మాలని అడుగుతారంది. ప్రింటు ఆపేసింది. ఆసుపత్రి నుంచి సవరణ ఉత్తరం తేవాలి, ఆ వివరాలు చెప్పినాయన స్వయంగా వచ్చి సరైన చిరునామా చెప్పి సంతకం పెట్టాలి. ఏ గదికి పోవాలో, ఎవరిని అడగాలో చిన్న కాగితం మీద రాసిచ్చింది. ఆసుపత్రి రికార్డుల గదిలో ఆ కాగితం చూపిస్తే ఎదురు ప్రశ్నలు లేకుండా పని జరిగింది.

కాకను ఒప్పించడమే మిగిలింది.

మావాళ్ల అలవాటు ఎరిగినవాళ్లకు కాక చేసింది వింతగా అనిపించదు. మమ్మల్ని ఎవరైనా చిరునామా అడిగితే ఊరి పేరు చెబుతాం. పెళ్లి పత్రిక మీదా అదే, కొత్త మనిషి పలకరించినా అదే. సూరత్‌లో ఉన్న గల్లీని చిరునామా అనుకోం. అది పని కోసం ఉంటున్న చోటు. ఆ ఉండటం మూడు తరాలు సాగినా సరే.

“తప్పేం చెప్పిన్రా?” అన్నాడు కాక, మంచం మీద కూర్చుని. “అడ్రసు అడిగిండ్రు, అడ్రసు చెప్పిన. నీ తమ్ముని అడ్రసు ఊరు గాదా? మీ నాయనది గాదా?”

“ఊరే కాకా. కానీ వాడు ఉన్నది ఇక్కడ గదా.”

“ఉన్నడు. నేను లేనా? నేను సూరతోణ్ణయిన్నా?”

మరదలు చాయ్ గ్లాసు ఆయన ముందు పెట్టి, నేల మీదే కూర్చుంది. “మామా, నువ్వు ఊరికి పొమ్మంటవు. సరే. నేను పోయినా పోకున్నా, ఇల్లు నా పేరు మీద ఉండాలె గదా? లేకుంటే అమ్ముదామన్నా అమ్మరాదు.”

కాక గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. “మస్తు తెలివిగల్లదానివే,” అన్నాడు. “అమ్మెటందుకైతే వస్త.”

“అమ్మెటందుకని నేను అన్ననా? అమ్మరాదని అన్న.”

“నీతోని మాట్లాడుడు కన్నా సాంచతోని మాట్లాడుడు నయం,” అని చాయ్ తాగాడు. పొద్దున తెల్ల అంగీ వేసుకుని, మాకన్నా ముందే గల్లీ మొదట్లో నిలబడ్డాడు.

బెన్ ఆయనకు కుర్చీ చూపించింది. “కాకా, మీ అబ్బాయి చిరునామా చెప్పండి,” అంది. గుజరాతీలోనూ ఆ పిలుపే కాబట్టి ఆయన కొంచెం మెత్తబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. హాలు చివరి వరకూ వినిపించేలా మా ఊరి పేరు, మండలం, జిల్లా ఏకబిగిన చెప్పేశాడు.

వరుసలో కూర్చున్నవాళ్లందరూ తిరిగి చూశారు. మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. తమ్ముడు పోయిన తర్వాత ఆమె నవ్వడం అప్పుడే చూశాను.

“మామా! ఇంటికాడ ఏం చెప్పుకొని వచ్చినం?”

“అడిగిందే అడ్రసు గదనే! ఇంకేం చెప్పాలె?”

బెన్‌కు విసుగు రాలేదు. కంప్యూటర్ మీద నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. “సరే, చిరునామా వదిలేయండి. మీ అబ్బాయి పాళీ దిగాక అన్నం ఎక్కడ తినేవాడు?”

“ఘర్ మే. ఔర్ కహా?” అన్నాడు కాక, ఇదేం ప్రశ్న అన్నట్టు.

“ఏ ఇంట్లో?”

అప్పుడు కాక చెప్పడం మొదలుపెట్టాడు. తన హిందీలో, మధ్యలో తెలుగు, అక్కడక్కడా గుజరాతీ కలిపి. నీళ్ల ట్యాంకు వెనక గల్లీ. ఖమణ్ టిఫిన్ అమ్మే దుకాణం దాటాక ఎడమ పక్క. నీలం తలుపు. గుమ్మం పొట్టిది, ఎన్నిసార్లు చెప్పినా వాడికి తల తగిలేది. ముందరి మెట్టు వాడే సిమెంటుతో కట్టాడు, ఇటుకలు తను అందించాడు. వానాకాలం నీళ్లొస్తే సామాను పైగదికి ఎక్కించేవాళ్లు, బియ్యం బస్తా వాడొక్కడే భుజాన వేసుకునేవాడు. “ఆదివారం పొద్దున్నే ఆ మెట్టు మీద కూసుండి...” అని ఆగిపోయాడు.

తర్వాత ఏం చెప్పాలనుకున్నాడో నాకు తెలుసు. ఆదివారం పొద్దున వాడు ఆ మెట్టు మీద కూర్చుని, దారిన పోయే కాకను గట్టిగా పిలిచి, చాయ్ తాగి పొమ్మనేవాడు.  కాక అంగీ చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. ఆ రోజు ఆసుపత్రిలో గాని, కర్మల దగ్గర గాని కాక ఏడవలేదు.

బెన్ తర్వాతి టోకెన్ పిలవలేదు. మా వెనక చేతిలో కాగితాలతో నిలబడ్డ ఒక ఒడియా కుర్రాడు గడియారం వైపు చూసి, మళ్లీ కాక వైపు చూసి, వెళ్లి కూర్చున్నాడు. కాసేపటికి బెన్ రెండు వేళ్లు చూపించి మెల్లగా చెప్పింది. “కాకా, ఇక్కడ రెండు చోట్లున్నాయి. ఉంటున్న ఇల్లు ఒకచోట రాస్తాను. సొంత ఊరు ఇంకోచోట ఉండనే ఉంటుంది. దేన్నీ తీసేయడం లేదు.”

“తీసేస్తలేరా?”

“లేదు.”

“ఊరు పేరు కొట్టేస్తరనుకున్న,” అన్నాడు కాక నాతో, తెలుగులో, తగ్గు గొంతుతో. ఆయన గొంతు తగ్గగలదని నాకు అప్పటిదాకా తెలియదు. “ఊరు లేకుంటే వాడు ఎవలోడు అయితడు? గందుకే రెండింట్ల ఊరే చెప్పిన.”

సంతకం పెట్టాడు. బెన్ మళ్లీ మొదటి నుంచి చదివింది. ఈసారి నేను విన్నాను. మా గల్లీ, మా బస్తీ, సూరత్. కింద మా ఊరు. నా తమ్ముడి జీవితం ఆ రెండు వరుసల్లో పట్టిందని అనను, ఎవరి జీవితమూ కాగితంలో పట్టదు. అబద్ధం మాత్రం లేకుండా పోయింది. ఆ రోజుకు అదే నాకు చాలా పెద్ద సంగతి.

మేం లేవబోతుంటే బెన్ నన్ను ఆపింది. తెలుగువాళ్లు, ఒడియావాళ్లు ఎంతమంది వచ్చినా ఇదే జరుగుతోందనీ, చిరునామా అంటే ఊరే చెబుతారనీ, ఇన్నాళ్లూ వాళ్లు కావాలని దాస్తున్నారని తన పైవాళ్లు అనుకునేవారనీ చెప్పింది. అద్దం మీద అంటించడానికి తెలుగులో ఒక వాక్యం రాసివ్వగలరా అని అడిగింది. పంతులుని కదా, అక్కడే కూర్చుని రాశాను: ‘మరణ సమయమునకు మృతుని నివాస స్థలమును తెలుపవలెను.’

మరదలు కూడబలుక్కుని చదివింది. “బావా, గిది ఎవలకు సమజైతది?”

“మరి ఎట్లా రాయాలి?”

“పోయినోళ్లు సూరత్‌ల ఏ ఇంట్ల ఉండిరి, గల్లీ పేరు చెప్పుండ్రి అని రాయి. గంతే. ఊరు గూడ రాసుకుంటరని కింద రాయి, లేకుంటే మామ లెక్కనే అందరు భయపడ్తరు.”

ఆమె చెప్పినట్టే రాశాను, అక్షరం మార్చకుండా. బెన్ దాన్ని ఆ సాయంత్రమే అంటించింది. ఇప్పుడు పక్కన హిందీలో, ఒడియాలో కూడా ఉన్నాయి. ఆమె నోటితో కూడా ముందు అన్నం గురించే అడుగుతుందట, చిరునామా ఆ తర్వాత. మా బడి పిల్లల తల్లిదండ్రులు చెప్పారు. వెళ్లిన పని ఒక్క పూటలో అయిపోయిందని ఒకాయన ఆశ్చర్యపోతూ చెబుతుంటే, నాకు మా తమ్ముడు ఎవరికో పనికొచ్చినట్టు అనిపించింది. అది నా దుఃఖం చేసే కల్పన కావచ్చు. దాన్ని ఆపుకోలేదు.

వేరా బిల్లు పేరు మార్పుకు ఇంకొన్నాళ్లు పట్టింది. రెండుసార్లు వెళ్లాల్సి వచ్చింది, ఒకసారి సర్వరు పని చేయలేదు. ఆ రోజు మళ్లీ తిరగకుండా, పని కాగానే కబురు చేస్తామని ఫోన్ నంబరు రాసుకున్నారు. నేను నమ్మలేదు. ఫోన్ వచ్చింది.

బిల్లు తెచ్చిన రోజు తమ్ముడి కూతురు దాన్ని తల్లికి చదివి వినిపించింది. గుజరాతీ అక్షరాల్లో తన పేరు ఎక్కడుందో మరదలు వేలు పెట్టి చూపించమంది. చూసి, మడిచి, పిల్లకే ఇచ్చింది. కాక గడప దగ్గర నిలబడి ఉన్నాడు. “అయితే అమ్ముతలేవన్నట్టు,” అన్నాడు.

“చాయ్ తాగుతవా మామా?”

“తే, తాగుత,” అని మెట్టు మీద కూర్చున్నాడు. మళ్లీ ఊరి సంగతి ఎత్తలేదు.

ఆ సాయంత్రం నేనక్కడుండగానే ఊరి నుంచి ఆమె అన్న ఫోన్ చేశాడు. సామాను ఎప్పుడు తెస్తున్నారు, లారీ మాట్లాడాలా అని అడుగుతున్నట్టుంది. ఆమె కూర తిప్పుతూ, ఫోన్ భుజానికి నొక్కి పట్టుకుని మాట్లాడింది.

“లారీ వద్దు అన్నా. నీ బిడ్డ పెండ్లికి వస్తం గదా, బస్సుల వస్తం. రెండు దినాలు ఉండి మల్ల మా ఇంటికి వచ్చేస్తం.”

అవతల ఏదో అన్నారు.

“గీడికే,” అంది. “సూరత్‌కే.”